డెహ్రాడూన్ ద్వారమున మన బిడ్డలు

ప్రతి సంవత్సరము జూన్, డిసెంబరు మాసములందు డెహ్రాడూన్ నగరములోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ ముగించిన యువకుల కవాతు జరుగును. వారు చెట్వుడ్ భవనము ముందు మందగతిని నడచి, దాని మెట్ల నెక్కుదురు. ఆ తుది అడుగుతో వారి విద్యార్థిదశ ముగియును. కన్న తల్లిదండ్రులే తమ బిడ్డల భుజములపై అధికార చిహ్నములైన నక్షత్రములను అలంకరింతురు. ఆ తల్లిదండ్రులలో కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాము ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారు ఎందరుందురు? వైద్యవిద్యను గూర్చియు, ఇంజనీరింగు విద్యను గూర్చియు మన సభలలో జరుగు చర్చలలో పదియవ వంతైనను ఈ విద్యను గూర్చి జరుగుట లేదు. అందుచేత ఈ విద్యాలయ చరిత్రను, అందలి శిక్షణను, దాని ద్వారమున నిలిచియున్న ఒక చిక్కును పాఠకుల ముందుంచ దలచితిమి.

ఈ విద్యాలయము మన దేశమునకు ఊరక లభించినది కాదు. ఆంగ్లేయుల పాలనలో భారతీయుడు సైన్యమున ఎంతకాలము సేవించినను, ఎన్ని పతకములు గడించినను, సుబేదారు మేజరు హోదాను మించి పోవుట చాలకాలము దుర్లభముగా నుండెను. ముప్పది యేండ్ల అనుభవము గల సుబేదారు సైతము నిన్న మొన్న సీమనుండి దిగిన ఆంగ్ల లెఫ్టినెంటు ఆజ్ఞకు బద్ధుడై యుండవలసినదే. 1901లో కర్జన్ ప్రభువు రాజకుమారుల కొరకు ఇంపీరియల్ కేడెట్ కోర్ అను సంస్థను నెలకొల్పెను గాని, అందు లభించు హోదాకు ఆంగ్ల సైనికులపై అధికారము లేకుండెను. మొదటి ప్రపంచ యుద్ధమున మన సైనికులు లక్షల సంఖ్యలో పోరాడిన పిమ్మట, 1917లో గాని ఆ తలుపు కదలలేదు. 1918 నుండి ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ విద్యాలయమున ఏటేట 10 స్థానములు భారతీయులకు కేటాయింపబడెను. ఇందోరులోని డేలీ కళాశాలలో తాత్కాలికముగా శిక్షణ పొంది 1919లో అధికారులైన వారిలో కొడగుసీమకు చెందిన కరియప్పగారు ఒకరు.

శాండ్‌హర్స్టుకు పోయిన మన యువకులలో పలువురు శిక్షణను పూర్తిచేయలేక వెనుదిరిగిరి. భారతీయులకు నాయకత్వ గుణము సహజముగా లేదనుటకు దీనినే నిదర్శనముగా చూపినవారు ఉండిరి. నిదానించి చూచినవారికి తోచిన కారణము వేరు. పరదేశము, పరభాష, అలవాటు లేని పాఠశాలా జీవితము, మోయరాని వ్యయము: ఇవి ఆ యువకులకు అడ్డు తగిలినవి. కొరత వారి శక్తిలో లేదు, వారు నడువవలసి వచ్చిన దారిలో నున్నది. అట్టి బాలురను ముందుగా తీర్చిదిద్దుటకై 1922లో డెహ్రాడూనులో ఒక సైనిక కళాశాల వెలసెను. 1925లో ఏర్పడిన స్కీన్ సంఘము భారతదేశముననే ఒక శాండ్‌హర్స్ట్ ఉండవలెనని సిఫారసు చేసెను. ప్రభుత్వము కొన్నియేండ్లు తాత్సారము చేసినది. రౌండ్ టేబుల్ సమావేశమున మన నాయకులు పట్టుబట్టిన తరువాత, సర్వసేనాని ఫిలిప్ చెట్వుడ్ అధ్యక్షతన మరియొక సంఘము 1931లో కూర్చుండెను. తుదకు 1932 అక్టోబరు 1వ తేదీన 40 మంది విద్యార్థులతో అకాడమీ ఆరంభమాయెను. డిసెంబరు 10న చెట్వుడ్ దొర దానిని లాంఛనముగా ప్రారంభించెను.

ఆ తొలి తరగతి ఫలితమును గమనింపుడు. అందు పోటీపరీక్ష నుండి వచ్చినవారును, సిపాయిల వరుసలనుండి ఎన్నికైనవారును, సంస్థానముల సేనల నుండి వచ్చినవారును కలసి చదివిరి. వారిలో సామ్ మానెక్‌షా భారతదేశమునకును, మహమ్మద్ మూసా పాకిస్తానునకును, స్మిత్ డన్ బర్మాకును తరువాతి కాలమున సేనాధిపతులైరి. వీరిలో మూసా సామాన్య సిపాయిగా సైన్యమున చేరినవాడు. సేనానాయకత్వము కొన్ని జాతులకు మాత్రమే పుట్టుకతో వచ్చునన్న వాదమునకు ఇంతకు మించిన సమాధానము కావలయునా?

ఈ వాదము తెలుగువారికి క్రొత్త కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఉత్తర హిందూస్థాన ప్రజలు కంపెనీ సిపాయిలను 'తిలంగా'లని పిలిచెడివారు. తెలుగుదేశము నుండి వచ్చిన సైనికుల పేరు సిపాయి యనువానికెల్ల సామాన్య నామమైనంతగా ఆనాడు మనవారు ఆయుధము పట్టిరి. తరువాత ఆంగ్ల సేనానులు 'యుద్ధజాతులు' అను సిద్ధాంతమును పెంచి, దక్షిణాది సైనికులను తక్కువ చేసి, వారి దళములను తగ్గించుచు వచ్చిరి. ఒక జాతి స్వభావము ఒకటి రెండు తరములలో తలక్రిందులగునా? మారినది మన స్వభావము కాదు, సేనలో చేర్చుకొను విధానము. ఆ సిద్ధాంతమును ప్రచారము చేసినవారు పోయిరి గాని, 'సైన్యము మనవంటి వారికి కాదు' అను మాట మాత్రము మన యిండ్లలో నేటికిని నిలిచియున్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అకాడమీ శిక్షణ ఆరు నెలలకు కుదింపబడి, విద్యార్థుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగెను. 1947లో బ్రిగేడియర్ ఠాకూర్ మహాదేవ్ సింగ్ తొలి భారతీయ కమాండెంటు అయ్యెను. 1949లో త్రివిధ దళముల బాలురకు ఉమ్మడి శిక్షణ డెహ్రాడూనులోనే మొదలై, అనంతరము పూనా సమీపమున ఖడక్‌వాస్లాకు తరలి, నేషనల్ డిఫెన్స్ అకాడమీగా స్థిరపడెను. 1962 డిసెంబరు 10న, చైనాతో యుద్ధము ఆగిన కొలది దినములకే, ముప్పదవ వార్షికోత్సవ సందర్భమున ఈ విద్యాలయమునకు నూతన పతాకముల నొసగినవారు అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జనించిన ఆ మహనీయుని జీవితము తమిళనాట స్థిరపడిన మన తెలుగు సోదరులకు చెప్పనక్కరలేదు.

ఇక శిక్షణ సంగతి. పన్నెండవ తరగతి ముగించి పోటీపరీక్షలో నెగ్గిన వారు ఖడక్‌వాస్లాలో మూడు సంవత్సరములు చదివి, పిదప డెహ్రాడూనులో ఒక సంవత్సరము గడుపుదురు. డిగ్రీ పూర్తిచేసి నేరుగా వచ్చువారికి 18 నెలల శిక్షణ. సైన్యములో జవానుగా చేరిన యువకుడు ఆర్మీ కేడెట్ కాలేజీ విభాగము ద్వారా అధికారి కాగల మార్గమును కలదు. వ్యాయామము, కవాతు, ఆయుధ ప్రయోగము, పటము చూచి దారి కనుగొనుట, యుద్ధతంత్రము, సైనిక న్యాయము, కొండలలోను అడవులలోను రేయింబవళ్లు సాగు అభ్యాసములు: ఇది పైకి కనబడు పాఠ్యక్రమము. లోపలి పాఠము వేరొకటి. దేశ క్షేమ గౌరవములు మొదట, తన అధీనమున నున్న జవానుల క్షేమము తరువాత, తన సుఖము అన్నిటికంటె కడపట అనునది చెట్వుడ్ ప్రారంభోపన్యాసము నుండి ఈ విద్యాలయము స్వీకరించిన నియమము.

జవానుల క్షేమమును చూడవలెనన్న వారి మాట తెలియవలెను. కనుకనే అధికారి తన దళములోని జవానుల భాషను నేర్చుకొనుట మన సైన్యమున ఆచారమై యున్నది. శ్రీకాకుళము ప్రాంతీయుడైన కె. వి. కృష్ణారావుగారు 1942లో మహర్ రెజిమెంటున అధికారిగా చేరి, 1981 నుండి 1983 వరకు భారత సేనాధిపతిగా నుండిరి. సూర్యాపేట వాస్తవ్యుడైన కర్నల్ సంతోష్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్ విద్యాలయములలో శిక్షణ పొంది, బీహార్ రెజిమెంటు పదునారవ దళమునకు నాయకుడై, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అసువులు బాసెను. తెలుగు తల్లి బిడ్డ బీహారు జవానుల ముందు నిలిచి పోరాడెను. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరియొక భాష మాటలాడుచు పెరుగు మన పిల్లలకు ఈ విద్యలో సగము పుట్టినింటనే లభించుచున్నదని మా అభిప్రాయము. పొరుగువాని భాషలో పొరుగువాని మనస్సు నెరుగుట మనకు బ్రతుకుతెరువుగా వచ్చిన గుణము. సైన్యమునకు కావలసినదియు అదియే.

అయినను ద్వారమున ఒక చిక్కు కలదు. నేషనల్ డిఫెన్స్ అకాడమీకిని, డిగ్రీ పూర్తిచేసినవారు వ్రాయు కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్షకును యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇచ్చు గణితము, సామాన్య విజ్ఞానము ప్రశ్నపత్రములు ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే యుండును. హిందీ మాతృభాషగా గల యువకుడు గణిత ప్రశ్నను తన భాషలో చదువుకొనగలడు. తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాధ్యమములలో చదివిన యువకుడు చదువుకొనజాలడు. సైనిక పాఠశాలల ఆరవ తరగతి ప్రవేశ పరీక్ష 13 భాషలలో జరుగుచున్నది. అందు తెలుగు ఒకటి. కేంద్ర సాయుధ పోలీసు దళముల కానిస్టేబులు పరీక్షను 2024 నుండి ఇంగ్లీషు, హిందీలతో పాటు మరి 13 భాషలలో నిర్వహించుచున్నారు. పదేండ్ల బాలునికి లభించిన సౌకర్యము, కానిస్టేబులు ఉద్యోగార్థికి లభించిన సౌకర్యము, అధికారి కాగోరు యువకునికి మాత్రము ఏల లభింపరాదు?

సైన్యమునకు ఒక ఉమ్మడి భాష కావలెను గదా యని కొందరు ప్రశ్నింతురు. నిజమే. యుద్ధభూమిలో ఆజ్ఞ అందరికిని అర్థము కావలెను. అందుచేతనే ఇంగ్లీషు పరీక్షను తొలగింపుమని మేము కోరుట లేదు. మార్కులు తగ్గింపుమని గాని, స్థానములు ప్రత్యేకింపుమని గాని కోరుట లేదు. ఇంగ్లీషును ఇంగ్లీషు పత్రములోనే పరీక్షింపవచ్చును. గణితమును పరీక్షించు పత్రము గణితమునే పరీక్షింపవలెను. శాండ్‌హర్స్టులో ఓడిన యువకులను చూచి ఆనాడు కొందరు చేసిన పొరపాటు తీర్పును స్వతంత్ర భారతము మరల చేయరాదు. ఈ కోరిక తెలుగువారికై మాత్రము కాదు. మన యిరుగుపొరుగున నున్న కన్నడిగులు, తమిళులు, ఒడియావారు, మరాఠీవారు సైతము దీనివలన లాభపడుదురు. కావున వారి సంఘములతో కలసి వినతిపత్రము నంపుట మేలు.

ప్రభుత్వమును కోరుటతో మన బాధ్యత తీరదు. సాతారాలో 1961లోను, భువనేశ్వర్, అమరావతినగర్‌లలో 1962లోను, బీజాపూరులో 1963లోను సైనిక పాఠశాలలు వెలసినవి. మనము నివసించు నాలుగు రాష్ట్రములలోను ఒక్కొక్కటి చొప్పున అరువది యేండ్లకు పైగా నడచుచున్నవి. వీనిలో అధిక భాగము స్థానములు ఆయా రాష్ట్రముల వారికే చెందును. అచట స్థిరనివాసులైన మన పిల్లలు పరాయివారు కారు. చెన్నపట్టణములో నున్న ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ 1992 నుండి యువతులకును శిక్షణ నొసగుచున్నది. ఖడక్‌వాస్లా నుండి తొలి యువతుల తరగతి, 17 మంది, 2025 మే నెలలో ఉత్తీర్ణులై వెడలిరి. కనుక ఆడపిల్లల తండ్రులకు సైతము ఈ మాట చెప్పుచున్నాము.

తల్లిదండ్రుల భయమును మేము తేలికగా చూడము. గల్వాన్ వార్త విన్న ఏ తల్లికి గుండె తల్లడిల్లదు? బిడ్డను పంపుమని ఎవరిని బలవంతపెట్టుటయు ధర్మము కాదు. కాని పోదలచిన బిడ్డకు దారి తెలియక పోవుట, తెలిసినను భాష అడ్డుపడుట, ఇవి మన సంఘములు తొలగింపగల కష్టములు. ప్రతి శాఖయు తన గ్రంథాలయమున ఈ పరీక్షల నిబంధనలను, పాత ప్రశ్నపత్రములను ఉంచవలెను. విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులు వారమునకు రెండు సాయంకాలములు గణితమును, ఇంగ్లీషును బోధింపవలెను. విశ్రాంత సైనికులు ఏ యూరనున్నను వారిని పిలిచి యువకులతో మాటలాడింపవలెను. రాబోవు కార్యవర్గ సమావేశమున ఈ విషయమై తీర్మానము చేయవలసినదిగా అన్ని శాఖలను కోరుచున్నాము.