తిన్నది ఒంటబట్టవలెనన్న

బిడ్డకు ఎంత పెట్టినను తిన్నది ఒంటబట్టుట లేదని తల్లులు వాపోవుచుందురు. తిండి చాలకపోవుట ఇందుకు కారణము కావచ్చును. కాని ప్రేగు గోడలో జరుగు వ్యవహారమును మనము తగినంతగా లెక్కలోనికి తీసికొనుట లేదని నా యభిప్రాయము.

చిన్న ప్రేగు లోపలి పొర ఒక్క కణము మందము మాత్రమే. 3 మొదలు 5 దినములలో పాత కణములు రాలి క్రొత్తవి వచ్చుచుండును. ఇంత పలుచని గోడ వెనుకనే శరీరమందలి రక్షక కణములలో పెక్కు కాపురముండును. ఇవి గోడలోని కణములకు సైటోకైనులను రసాయనముల ద్వారా కబురులంపును. ఇంటర్‌లూకిన్-22 అను కబురు అందినచో గోడలోని కణములు సూక్ష్మజీవులను చంపు పదార్థములను స్రవించి, గాయమును పూడ్చుకొనును. శత్రువు బలముగా వచ్చినపుడు గామా ఇంటర్‌ఫెరాన్ వంటి తీవ్రమైన హెచ్చరికలు వెలువడును. వానివలన కణముల నడుమ అతుకులు సడలును. ఇది నాలుగు నాళ్లలో శాంతించినచో చింత లేదు. ఏడాది పొడవున మురికి నోటబడుచు హెచ్చరిక ఆగకున్నచో, ఆహారసారమును పీల్చు ఆంత్రచూషకములు పొట్టివగును. పిల్లల యెదుగుదల మందగించుటకు ఇదియు నొక కారణమని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

ఇది మన జాతి లక్షణమని యెవరును సరిపెట్టుకొనరాదు. 1960 దశకమున తూర్పు పాకిస్తానులో, అనగా నేటి బంగ్లాదేశమున, నివసించిన అమెరికను స్వచ్ఛంద సేవకుల ప్రేగులలోను ఇట్టి మార్పులే కానవచ్చినవి. స్వదేశమునకు మరలిన పిమ్మట అవి క్రమముగా బాగుపడినవి.

అట్లయిన ఇంటికొక మరుగుదొడ్డి కట్టించి, త్రాగునీటిలో క్లోరిను కలిపిన చాలునా? 2018లో బంగ్లాదేశ్, కెన్యాలనుండియు, 2019లో జింబాబ్వేనుండియు వెలువడిన పరిశోధనలలో ఇట్టి యేర్పాట్లు పిల్లల పొడవును పెంచలేదు. దీనిని చూపి పారిశుద్ధ్యముపై వ్యయము దండుగ యనువారు కలరు. నేనందుకు సమ్మతింపను. ప్రాకు బిడ్డ చేతికి పెరటిలోని కోళ్ల రెట్ట, పొరుగింటి మురుగు, వీధి బురద అంటుచుండగా, ఆ కొద్దిపాటి శుభ్రతతో ప్రేగులోని హెచ్చరిక ఎట్లు ఆగును? ఊరంతటికి కుళాయి నీరు, మూతగల మురుగు కాలువలు సమకూర్చు ఖర్చును పోషకాహారపు పద్దులోనే వ్రాయవలెను.

అందాక మన చేతిలోనున్న పని యొకటి కలదు. 6 నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమియు, గ్రుక్కెడు నీరైనను, పట్టరాదు. ఆ పాలలోని ఇమ్యూనోగ్లోబ్యులిన్-ఎ సూక్ష్మజీవులను ప్రేగు గోడకు అంటనీయక పట్టియుంచును; హెచ్చరిక పంపవలసిన యక్కర రక్షక కణములకు అంతమేరకు తగ్గును.