తిరుగు టికెట్ ఒక్కరోజు తర్వాతి తేదీకి కొనండి

హిమాలయాలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు, టూర్లు వేసే కాలేజీలకు, సెలవులు మంజూరు చేసే కంపెనీలకు విజ్ఞప్తి.

ఏప్రిల్ సగం దాటిందంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సుల్లో మనిషికంటే పొడవైన రక్‌సాక్‌లు ఎక్కుతుంటాయి. ఢిల్లీ, చండీగఢ్, డెహ్రాడూన్ విమానాలు పట్టుకుని మన పిల్లలు సార్ పాస్ లాంటి ట్రెక్కులకు బయల్దేరతారు. ఇక్కడ నలభై డిగ్రీల ఎండ, అక్కడ మంచు. ఎవరికి వెళ్లాలనిపించదు! వెళ్లొద్దని చెప్పడానికి ఈ కరపత్రం వేయలేదు. మా పేచీ అంతా వాళ్ల ఫోనులో ఉన్న తిరుగు టికెట్‌తోనే.

ఎందుకో తెలియాలంటే ముందు అక్కడి వాగుల సంగతి తెలియాలి. హిమాయత్‌సాగర్ గేట్లెత్తారంటే పైన వాన దంచిందని మనకు తెలుసు. మంచుకొండల్లో లెక్క వేరు, అక్కడ ఎండ కాసినా వరదే. రాత్రి చలికి మంచు గడ్డకడుతుంది కాబట్టి తెల్లవారుజామున వాగు సన్నగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ మంచు కరిగి, ఆ నీళ్లు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఉదయం ఆరింటికి పిక్కల్లోతున్న వాగు సాయంత్రం నాలుగింటికి తొడల దాకా రావచ్చు, ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా. ఆ నీళ్ల ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు కాస్త పైన. పడ్డ మొదటి నిమిషంలోనే ఊపిరి ఎగబీలుస్తారు, పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. గజ ఈతగాడైనా అంతే. నడుముకు బిగించిన రక్‌సాక్ బెల్టు విప్పకుండా దిగితే ఆ బరువే మనిషిని ముంచుతుంది. వాగుమీద పేరుకున్న మంచును కిందనుంచి నీరు తొలిచేస్తూ ఉంటుంది. పొద్దున మోసిన మంచు మధ్యాహ్నం మోస్తుందన్న నమ్మకం లేదు.

ఇదంతా అక్కడి గైడ్లకు తెలుసు. వీలైనంతవరకు పొద్దున్నే దాటిస్తారు. నీళ్లు ఎక్కువగా ఉంటే ఈ గట్టునే గుడారాలు వేసుకుని మర్నాడు దాటుదామంటారు. అప్పుడు మొదలవుతుంది గొడవ. "రేపు సాయంత్రం ఢిల్లీలో ఫ్లైటుంది భయ్యా, సోమవారం ఆఫీసుకు వెళ్లాలి." గుంపంతా ఒక్కటై బతిమాలితే ఆ కుర్ర గైడు ఎంతసేపు కాదనగలడు? వాగు దగ్గర తీసుకోవాల్సిన నిర్ణయం మూడు నెలల ముందే, చవగ్గా దొరికిందని హైదరాబాద్‌లో టికెట్ కొన్నరోజునే అయిపోయింది.

మన పిల్లల రెండు హిమాలయ యాత్రలు గుర్తు చేసుకోండి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా గురుకుల విద్యార్థిని మలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికామెకు పదమూడేళ్లు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, నెలల తరబడి శిక్షణ. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హిమాచల్‌ప్రదేశ్ మండి జిల్లా తలోట్ దగ్గర బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. ఆ ఘోరానికి కారణం గేట్లేగానీ టికెట్ కాదు, ఆ మాట దాచం. కానీ ఎవరెస్టెక్కేవాళ్ల ప్రణాళికలో వాతావరణం కుదిరేదాకా ఆగడానికి రోజులుంటాయి. కొండ ఎక్కడమెలాగో తెలియని మనవాళ్ల వారం రోజుల ట్రెక్కులో ఆగడానికి ఒక్కరోజైనా ఉండదు. పైగా ఆ నదుల తీరు తెలిసినవాడు పక్కన ఉన్నాడా అని అడిగే అలవాటూ మనకు లేదు.

అందుకే అడుగుతున్నాం. ఖాళీ రోజు లేని టూరు కాగితం మీద ఏ ప్రిన్సిపాలూ సంతకం పెట్టకూడదు. ట్రెక్కుకు వెళ్లే ఉద్యోగులకు కంపెనీ సోమవారం సెలవు కూడా కలిపి ఇవ్వాలి. ఏ వాగును ఏ గంటకు దాటిస్తారు, నీళ్లు పెరిగితే ఎక్కడ ఆపుతారు అన్నది నిర్వాహకులు డబ్బు కట్టించుకోకముందే రాసివ్వాలి. తల్లిదండ్రులారా, భోజనం ఏం పెడతారని అడిగేముందు ఈ కాగితం అడగండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా శంషాబాద్ డిపార్చర్ హాల్లో పర్యాటక శాఖ ఒక బల్ల వేసి ఒక మనిషిని కూర్చోబెట్టాలి. వెళ్లే బృందాల పేర్లు, దారి, తిరిగొచ్చే తేదీ రాసుకుంటే చాలు. ఎవరైనా రాకపోతే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఖర్చంటారా? మనాలీలో ఒక రాత్రి గది అద్దె. ఆ రోజు అవసరపడకపోతే మాల్ రోడ్డులో శాలువాలు బేరమాడండి, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. ఈ వేసవికి ఇప్పటికే టికెట్లు కొన్నవాళ్లు తేదీ మార్పు రుసుం ఎంతో ఈ వారమే కనుక్కోండి. ప్రయాణం దగ్గరపడేకొద్దీ అది పెరుగుతుంది.