అడిగే మీట లేనప్పుడు అడగలేదంటే ఎట్లా?

"మన పిల్లల్ని ఫోన్ చెడగొట్టింది" అనే మాట స్టాఫ్ రూములో రోజూ వింటున్నాను. ఈ మధ్య ఇంకో మాట తోడైంది: "వాళ్లు ఫోన్లో ఏం చూస్తున్నారో చూడు, వాళ్లేమిటో తెలిసిపోతుంది." ఈ రెండో మాటతోనే నాకు పేచీ.

ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగాం, దేన్ని పైకి తోసేశాం, ఏం వెతికాం... ఫోన్లోని యాప్‌లు అన్నీ రాసుకుంటాయి. ఆగినదాని లాంటిదే మళ్లీ చూపిస్తాయి. మనం అదే చూస్తాం. చివరికి "వీళ్లకు ఇష్టమైంది ఇదే" అని లెక్క తేలుస్తాయి. పెట్టిన కూడే తిన్నవాణ్ని చూపించి, వీడికి ఇంకేదీ రుచించదు అన్నట్టుంది ఈ లెక్క.

2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. నేను ఫోన్ కొన్న రోజు అది భాష ఎంచుకోమంది. తెలుగు ఉంది, హిందీ ఉంది, మా గోండి లేదు. తెలుగు నొక్కాను. ఆ క్షణం నుంచి ఆ లెక్కలో నేను తెలుగువాణ్ని. రేపు ఎవరో పట్టిక చూసి "గోండి కావాలని ఎవరూ అడగడం లేదు" అంటారు. గుట్టెక్కితే గాని సిగ్నల్ దొరకని గూడెం అయితే ఆ పట్టికలో ఖాళీ గడి. ఆ ఖాళీని ఆసక్తి లేకపోవడంగా చదవడం అన్యాయం.

లిపి లేదనే సాకు చెల్లదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. సంతాలీల ఓల్ చికి 2008లోనే చేరింది. వాళ్లు ఊరుకోలేదు, కూర్చుని రాశారు. 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2025లో తెచ్చిన ఆది వాణిలో గోండి ఉంది, కానీ అది ఛత్తీస్‌గఢ్ గోండి. మన ఆదిలాబాద్ మాటను మనం కాక ఎవరు చేరుస్తారు?

ఫోన్ చెప్పేదంతా అబద్ధమనీ అనను. గుస్సాడీ వీడియో కింద వెక్కిరింపు రాసేవాడు తన గురించి నిజమే చెప్పుకుంటున్నాడు. మనమూ చెప్పుకుంటున్నాం. మడావి, ఆత్రం, కుమ్ర అనే ఇంటిపేరు దాచి ఖాతా తెరిచే తమ్ముడిలో ఉన్నది సిగ్గు. ఆ సిగ్గు ఫోన్లో పుట్టలేదు. బస్సులో, బడిలో మన భాష విని నవ్వినప్పుడు పుట్టింది. ఆ నవ్వినవాళ్లలో టీచర్లూ ఉన్నారు.

పిల్లల నడవడిని కనిపెట్టి వాళ్లకు ప్రకటనలు గురిపెట్టొద్దని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. కంపెనీలకే కూడదన్న పనిని మనం ఎందుకు చేయాలి? పిల్లవాడి ఫోన్ లాక్కుని ముద్ర వేసే ముందు, అందులో వాడి భాషలో ఏముందో ఒకసారి వెతకండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈసారి దండారిని పదిహేను సెకన్లకు కోసి లైకుల కోసం పెట్టకండి. అవ్వను అడిగి, ఆమె ఒప్పుకుంటే, ఆమె కథ మొత్తం రికార్డు చేయండి. పెద్దలు బయటపెట్టొద్దన్నది పెట్టకండి. పెట్టినదానికి పేరు గోండిలోనే రాయండి. లెక్క రాసేవాళ్లకు మనం కనిపించాలంటే, ముందు మన మాట అక్కడ ఉండాలి.