మెడలోని సానుభూతి

"చచ్చిన కూలీకి కుండ, కట్టె, నువ్వులు, పిండములు, ఈ ఆటవికపు తంతు లింకెన్నాళ్ళండీ? ఇటువంటి పతక మొకటి మెడలో వేసికొని రెండు నిముషములు మౌనముగా నిలుచుట నాగరికత గాదా?" అని ఒమాను దేశపు అల్ అమెరాత్‌లో ఇటీవల ఒక పెద్దమనిషి సెలవిచ్చెను, ఆయన ప్రక్కను బల్లపై ఒక విద్యావతి తాను రూపకల్పన చేసిన వెండినగలను పరచియుండెను, కూడినవారు చప్పట్లు చరచిరి. మాట యొక్కనిదే యైనచో విని యూరకుందును. కాని నగకు సామాజికస్పృహ నంటగట్టుటయు, అంత్యక్రియను అనాగరికమని యీసడించుటయు నేడు చదువుకొన్న మనవారిలో నొకే నోట వెలువడు రెండు మాటలై, కాదన్నవాడు మూఢుడగు కాలము వచ్చినది గనుక, ఆ మూఢత్వమును నేను సంతోషముగా శిరసావహించుచున్నాను.

ఆ నగలను దగ్గరగా చూచితిని. ఒకటి భవననిర్మాణపు కూలీ ధరించు టోపి. ఒకటి యజమాని బీరువాలో దాగిన పాస్‌పోర్టు. అందరును మెచ్చిన మూడవది బొటనవ్రేలి గోరంత శవపేటిక, దాని మూతపై ఆవగింజంత కెంపు. ఆ కెంపు గల్ఫులో చిందిన తెలుగు రక్తమట! పనితనమును తప్పుపట్టను, కెంపును పొదిగిన కంసాలి చేయి బహు నేర్పుగలది. కాని ఆ పేటికను మెడలో వ్రేలాడదీసికొని విందునకు బోవు నామెకు, అసలు పేటికను విమాన మెక్కించుటకు ఎన్ని గడపలు త్రొక్కవలెనో తెలియునా?

వాదీ అదై దాటి, నల్లని బోడికొండల నడుమ, క్రికెట్ మైదానపు దీపములు కనబడు దూరమున, పలువురు కలిసి పండుకొను గదిలో ఒకడు తెల్లవారునప్పటికి లేవకపోయినచో, పోలీసుల కాగితము, ఆసుపత్రివారి మరణపత్రము, యజమాని సమ్మతి, రాయబార కార్యాలయమున పాస్‌పోర్టు రద్దు, శవము చెడకుండ మందు లెక్కించుట, పిమ్మట విమానమున సరకుల విభాగము. వీనిలో నొక్కటి తప్పినను తక్కినవన్నియు నిలిచిపోవును. 2019వ సంవత్సరారంభమున ఒకే రుసుము నిర్ణయించువరకు ఎయిరిండియావారు గల్ఫునుండి పోవు శవమును తూచి కిలోల లెక్కన సొమ్ము గొనుచుండిరి. పోనీ, ఇక్కడనే దహనము చేయుదమన్నచో హిందువుల దహనవాటిక సొహార్‌లో నున్నది. మస్కట్ నుండి సుమారు 200 కిలోమీటర్ల దారి. పాడెకు వెదురెక్కడిది? దర్భ యెవరి యింట నున్నది? నిప్పు పట్టవలసిన కొడుకు ఊరిలో ఫోను ముందర కూర్చుండి, తండ్రి ముఖ మే వైపున నున్నదని తల్లి నడుగుచుండును. వీని నన్నిటిని సమకూర్చువాడు సామాన్యముగా ఒక డ్రైవరో, ఒక వంటవాడో. వాని మెడలో పతకము నేను చూడలేదు.

ఇక పేటిక జగిత్యాల ప్రాంతపు ఊరు చేరినదనుకొందము. డప్పుల నడుమ సాగిన పాడెను దింపుడు కళ్ళమొద్ద నేలకు దించి, చెవిదగ్గర నోరుంచి, మూడుమార్లు పేరెత్తి పిలిచెదరు. పక్షము దినముల క్రిందటనే మరణించి, మందులతో బిగిసి, మేకులు కొట్టిన పెట్టెలో వచ్చినవానిని గూడ పిలిచెదరు. వాడు పలుకడని పిలుచువానికి తెలియదా? తెలిసియు పిలుచును. మన పెద్దమనిషికి ఇది ఆటవికము.

ఈ పెద్దమనుష్యులే సెలవుదినమున ఇబ్రీ దాపున నున్న బాత్, అల్ అయిన్ సమాధులను చూడబోయి, 1988లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిన ఆ రాతిగోపురముల యెదుట టోపీలు తీసి నిలిచెదరు. మస్కట్‌లోనే రాస్ అల్ హమ్రా గుట్టమీద అయిదారువేల యేండ్ల క్రిందటి జాలరులు తమవారిని గవ్వల నగలతోను, తాబేటి పుఱ్ఱెలతోను పూడ్చిపెట్టిరని తెలిసికొని, ఎంత సౌందర్యదృష్టి యని పరవశించెదరు. ప్రాచీనుడు తాబేటిపుఱ్ఱె పెట్టినచో సంస్కృతి, మన పల్లెటూరి మల్లయ్య చావుతంతులో పిట్టకు ముద్ద పెట్టినచో అజ్ఞానము! (ఈ దేశపు బెదూ స్త్రీల వెండి మాట యిక్కడ చెప్పదగును. మరియా థెరీసా రాణి బొమ్మ గల నాణెములను కరగించి చేసిన ఆ నగలను, ధరించినామె మరణించిన పిమ్మట మరల కరగించి క్రొత్తవి చేయించుట వాడుకయట. సందేశమునకై వారెన్నడును నగ చేసికొనలేదు. బరువు చూచి చేసికొనిరి.)

మరణమునందు నగలప్రశ్న యొకటి నిజముగా కలదు. దానిని మాత్ర మీ రూపకర్తలు ముట్టుకొనరు. దినములనాడు, తానుగూడ ఒకనాడిట్లే కూర్చున్న ముసలమ్మయే ముందునకు వచ్చి, మగడు పోయిన పడుచు చేతిగాజులను చేతిమీదనే చిట్లగొట్టి, మట్టెలు లాగి, పుస్తెలత్రాడు తెంపి పాలలో వేయును. ఆ పుస్తెలకు తోడుగా గుచ్చిన గుండ్లు, వాడు మస్కట్ రువీ బజారున ఓవర్‌టైము కూలితో కొని పంపినవి! శవపేటికకు కెంపు పొదిగిన ఊహ, ఈ పాలగిన్నె దగ్గరకు వచ్చునప్పటికి ఎక్కడికి బోయెను? తంతును వెనుకవేసికొని వచ్చినవాడే తంతును తిట్టుచున్నాడేమని యడుగుదురు కాబోలు. అడుగుడు. పోయినవానికి నీళ్ళు వదలుట వేరు, ఉన్నదాని చేయి నెత్తురు చేయుట వేరు. ఈ రెంటిని ఒకే మూటగట్టి పారవేయుమనువాడును, ఒకే మూటగట్టి మోయుమనువాడును నా దృష్టిలో కవలలే. వీరేశలింగము 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వితంతువునకు పెండ్లి చేయుటకు పతకము లచ్చువేయలేదు. రాళ్ళు, వెలి భరించెను. మొన్న 2022లో మహారాష్ట్రమున, కొల్హాపురము జిల్లా హెర్వాడ్ గ్రామసభ, భర్తపోయిన స్త్రీ గాజులు పగులగొట్టుట, మంగళసూత్రము తెంపుట కూడదని తీర్మానించెను. పల్లెటూరి సభ!

ఇట్టి నగలకు పశ్చిమదేశముల నుదాహరించెదరు. 1787లో వెడ్జ్‌వుడ్ సంకెలల నీగ్రో బొమ్మగల పతకమును చేయగా దొరసానులు కడియములలో పొదిగించుకొనిరి, నిజమే. కాని ఆ బానిసత్వ నిర్మూలనోద్యమమునకు బలమిచ్చినవారు బానిసలు పండించిన చక్కెరను ఇంటికి రానీయనివారు. 1909లో సిల్వియా పాంక్‌హర్స్ట్ రూపకల్పన చేసిన హాలోవే పతకము స్త్రీల ఓటుహక్కుకై పోరాడి కారాగారమునుండి వెడలివచ్చిన స్త్రీలకు. మనవారు ఏ కారాగారమునుండి వచ్చిరి? తంతు మానినచో ఖర్చు తగ్గునను వాదమునకు బదులక్కరలేదు. బల్లపైని వెలచీటీలు నేను చదివితిని.

మరేమి చేయవలెనందురా? కొంత తోచినది. అమెరాత్‌లో ఎవరో ఒకరింట క్రొత్తకుండ, నువ్వులు, దర్భ ఎప్పుడును సిద్ధముగా నుండవలెను. సొహార్‌కు బండి తోలువాడొకడు పిలిచిన రాత్రి రావలెను. ఊరిలో దినములు జరుగకముందే ఆ యిల్లాలికి ఎవరైన ఫోను చేసి, అమ్మా, గాజులు నీ యిష్టమని చెప్పవలెను, అత్తగారికిని చెప్పవలెను. చందా యెంత, లెక్క యెవరు చూడవలెను, అత్తగారు వినకపోయిన నేమి చేయవలెను, ఇవి పదిమంది కూర్చుండి తేల్చుకొనుడు. ఆ విద్యావతియు తప్పక రావలెను. ఆమెకు అరబ్బీ చదువను వ్రాయను వచ్చునట, ఆసుపత్రి కాగితములకు అట్టివారు మాలో ఒక్కరును లేరు.