రియాక్టర్ల బేరంలో మన్నవరం

అణు రియాక్టరును పరదేశానికి అమ్మడం పైకి ఒక కంపెనీ ఘనతగా కనిపించినా, దాని వెనుక ప్రభుత్వం దశాబ్దాల పాటు నడిపిన ప్రణాళిక ఉంటుందనడానికి చైనాయే నిదర్శనం. 2007లో అమెరికా సంస్థ వెస్టింగ్‌హౌస్ నుంచి ఏపీ1000 రకం రియాక్టర్లు నాలుగు కొన్నప్పుడు, తయారీ పరిజ్ఞానాన్ని కూడా అప్పగించాలని చైనా ఒప్పందంలోనే రాయించుకుంది. దాన్ని అందిపుచ్చుకోవడానికి ఒక ప్రభుత్వ సంస్థను ప్రత్యేకంగా నెలకొల్పింది. ఫలితం ఆ రియాక్టర్లలో రెండింటిని నెలకొల్పిన సన్‌మెన్ కేంద్రంలోనే తేలింది. అణు ఇంధనాన్ని తనలో ఇముడ్చుకుని అధిక ఒత్తిడిని తట్టుకునే మందపాటి ఉక్కు పాత్ర, అంటే పీడన పాత్ర, ఒకటో యూనిట్‌కు దక్షిణ కొరియా నుంచి రాగా, రెండో యూనిట్‌కు చైనా కర్మాగారంలోనే తయారైంది. కరాచీలో చైనా కట్టి, అప్పు కూడా తానే ఇచ్చి, 2021, 2022 సంవత్సరాల్లో ప్రారంభించిన హువాలోంగ్ రియాక్టర్లు ఫ్రెంచి నమూనా మీద పెరిగిన వేరే శాఖవి. అయినా కొనేటప్పుడే నేర్చుకోవాలన్న పట్టుదల రెండింటిలోనూ ఒకటే.

ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు కొనే వైపు ఉంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1208 మెగావాట్ల ఏపీ1000 రియాక్టర్లు ఆరు నెలకొల్పాలన్నది కేంద్రం ఆలోచన. అందుకోసం మత్స్యకార గ్రామాలు నేలను వదులుకోవలసి వస్తున్నప్పుడు, కరెంటు తప్ప రాష్ట్రానికి దక్కేది ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే.

ఆ ప్రశ్నకు జవాబు వెతకవలసిన చోటు తిరుపతి జిల్లాలోనే ఉంది. శ్రీకాళహస్తి దగ్గరి మన్నవరంలో విద్యుత్ పరికరాల కర్మాగారానికి 2010 సెప్టెంబరు 1న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. ఎన్టీపీసీ, భెల్ కలిసి దాదాపు 6,000 కోట్ల రూపాయలతో తలపెట్టిన ఆ ప్రాజెక్టు, బొగ్గును, బూడిదను తరలించే యంత్రాల దగ్గరే కుదించుకుపోయింది. థర్మల్ కేంద్రాల ఆర్డర్లు సన్నగిల్లిన కాలంలో, భెల్‌కు తన పాత కర్మాగారాలకే పని చాలనప్పుడు, మన్నవరానికి పని ఎవరిస్తారన్నది రాయి వేసేనాడే తేల్చవలసిన విషయం. అది తేల్చకపోవడమే ఈ ప్రాంత యువతకు జరిగిన అసలు అన్యాయం.

పీడన పాత్రను మన్నవరం తయారుచేయజాలదన్నది నిజం. అయితే ఏపీ1000 నిర్మాణంలో గదులను, గోడలను మాడ్యూళ్లుగా, అంటే ముందే వెల్డింగ్ చేసిన పెద్ద ఉక్కు భాగాలుగా తయారుచేసి, క్రేన్లతో ఎత్తి అమరుస్తారు. చైనా ఈ పని కోసమే హైయాంగ్‌లో కర్మాగారం పెట్టింది. వాటి విడిభాగాలను మన్నవరంలో సిద్ధం చేసి, కృష్ణపట్నం రేవు నుంచి సముద్రమార్గంలో ఉత్తరాంధ్రకు చేర్చడం పరిశీలించదగిన దారి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. తుది ఒప్పందంపై సంతకాలు పడకముందే, ఏ యూనిట్ నుంచి ఏ భాగం రాష్ట్రంలో తయారుకావాలో, అణు ప్రమాణాల వెల్డింగ్‌లో ఐటీఐ కుర్రవాళ్లకు ఎవరు శిక్షణ ఇవ్వాలో రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీకి రాతపూర్వకంగా తెలపాలి.