చుక్కలే సంతకం

గత సంచికలో గుణుపురం చిన్న రైలు ముచ్చట్లు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. కొందరు బజారులో ఆపి మరీ పలకరించారు. ఈసారి కూడా ప్రయాణం కబురే గాని, పట్టాల మీద కాదు, నీళ్ళలో.

మన పద్మపూర్ పిల్లలకు సముద్రం చూపించాలంటే గుణుపురం, పర్లాకిమిడి దాటి శ్రీకాకుళం జిల్లాలోకి దిగాలి. మన వంశధార మాత్రం ఎవరినీ టిక్కెట్టు అడక్కుండా కొండలు దిగిపోయి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిన్నప్పుడు నాకు ఈత వచ్చిందంటే ఆ నది చలవే. ఆ తర్వాత బి.కాం., బ్యాంకు ఉద్యోగం, బదిలీలు. ముప్ఫై ఏళ్ళు కుర్చీలో కూర్చున్నవాడికి ఈత మాట అటుంచి, వంగి చెప్పుల పట్టీ పెట్టుకోవడమే గగనమైంది.

కిందటి ఏడాది మే నెలలో ఆస్ట్రేలియాలో పెర్త్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. ఒకరోజు అల్లుడు, "మావయ్యగారూ, మీకు ఈత వచ్చు కదా, వేల్ షార్క్‌ని చూద్దామా?" అన్నాడు. ఏదో అక్వేరియం అనుకుని తలూపాను. తీరా చూస్తే పెర్త్‌కి పన్నెండు వందల కిలోమీటర్ల ఎగువన నింగలూ అనే పగడాల తీరం. మార్చి నుంచి జూలై దాకా ఆ చేపలు అక్కడికి వస్తాయట.

పేరులో వేల్ ఉన్నా అది తిమింగలం కాదు, సొరచేపే. ప్రపంచంలో అన్ని చేపల కంటే పెద్దది. అలాగని భయపడక్కర్లేదు. నోరు గుమ్మమంత ఉన్నా మేత మాత్రం కంటికి ఆనని నలకలంత జీవులు, చేప గుడ్లు, చిన్న చేపలు. నీళ్ళు లోపలికి పీల్చి, మొప్పల్లో జల్లించి వదిలేస్తుంది. ఇదంతా అల్లుడు చెప్పాక కూడా మా శ్రీమతి పడవ దిగనంది. "ఏమండీ, జల్లెడ పట్టేటప్పుడు రాయీ రప్పా కూడా పడుతుంది కదా?" అని ఆవిడ సందేహం.

స్నార్కెలింగ్ అంటే పెద్ద విద్యేమీ కాదు. కళ్ళకీ ముక్కుకీ కలిపి అద్దం, నోట్లో ఒక గొట్టం, కాళ్ళకి బాతు కాళ్ళలాంటి తొడుగులు. ముఖం నీళ్ళలో ముంచి, గొట్టంతో గాలి పీలుస్తూ తేలడమే. కష్టమల్లా ముక్కుతో ఊపిరి తీసుకోవడం మరిచిపోవడం. యాభై ఏళ్ళ అలవాటు ఒక పూటలో పోతుందా? మొదటి పది నిమిషాల్లో తాగిన ఉప్పునీటితో మా ఇంటికి నెల్లాళ్ళ పులుసు పెట్టుకోవచ్చు.

దిగేముందు పడవలో గైడుగా ఉన్న అమ్మాయి నిబంధనలు చదివి వినిపించింది. ఒకసారి నీళ్ళలో పదిమందికి మించి ఉండకూడదు. చేప ఒంటికి మూడు మీటర్లు, తోకకి నాలుగు మీటర్లు ఎడంగా ఉండాలి. ముట్టుకోరాదు. దారికి అడ్డం రాకూడదు. కెమెరాకి ఫ్లాష్ వాడకూడదు. మా బ్యాంకు సర్క్యులర్లకంటే స్పష్టంగా ఉన్నాయనిపించింది. చేపల్ని వెతకడానికి పైన ఒక చిన్న విమానం తిరుగుతూ ఉంటుంది. అందులోంచి కబురు రాగానే మా పడవ కదిలింది, "దూకండి" అన్నారు.

మొదట ఏమీ కనబడలేదు. నీలం, అందులో పిండి కలిపినట్టు మసక. ఆ మసకే దాని మేతట. తర్వాత ఎదుట ఆ నీలం కాస్త ముదిరింది. ముదిరినచోట తెల్లని చుక్కలు తేలాయి. చుక్కల మధ్య గీతలు. తెల్లవారుజామున పేడనీళ్ళు చల్లిన వాకిలి మీద మా అమ్మ పెట్టిన చుక్కల ముగ్గు లేచి నడిచి వస్తున్నట్టుంది. నిజం చెప్పొద్దూ, నేను కదల్లేదు. కదలాలని తోచలేదు. సరిగ్గా దాని దారిలోనే ఉన్నాను. గైడు అమ్మాయి నా చెయ్యి పట్టి పక్కకి లాగింది. ఆ చేప నన్ను లెక్కచేసినట్టే లేదు. చిన్న కన్ను ఒకటి నా పక్కనుంచి పోయింది. ఆ వెనక మొప్పల చీలికలు అయిదు, ఆ వెనక ఒళ్ళు, ఇంకా ఒళ్ళు, చివరికి ఒక మనిషి ఎత్తున నిలువు తోక. చప్పుడు లేదు. నేను దాని వెనక కాళ్ళు ఆడిస్తూ కెమెరా నొక్కుతూనే ఉన్నాను.

పడవ ఎక్కాక చూస్తే నలభై మూడు ఫోటోలు. వాటిలో పన్నెండు బుడగలు, ఆరు నా బొటనవేలు, ఎవరివో కాళ్ళ తొడుగులు కొన్ని, తోకలు లెక్కలేనన్ని. మిగిలినవాటిలో అల్లుడు తీసిన నా ముఖం, వెనక నీలం. అన్నీ నీలమే. నీళ్ళలో ఎరుపు రంగు మొదటి కొద్ది మీటర్లలోనే హరించుకుపోతుందట. ఫ్లాష్ వేస్తే రంగు వస్తుంది గాని, చేపకి ఇబ్బంది. పైగా ఆ నలకలన్నీ మెరిసి ఫోటో నిండా మంచు కురిసినట్టు పడుతుంది. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని, పెద్ద చూపున్న కటకంతో, వీలైనంత పక్కనుంచి తీయాలి. ఈ పాఠం నాకు ఫోటోలు తీశాక చెప్పారు.

గైడు అమ్మాయి ఆ నలభై మూడూ ఓపిగ్గా జరిపి జరిపి చూసి, ఒకదాని దగ్గర ఆగింది. "ఇది పనికొస్తుంది" అంది. ముఖం లేదు, తోక లేదు. మొప్పలు దాటిన చోట, రెక్క పైభాగాన, ఎడమవైపు ఒంటి మీది చుక్కలు మాత్రం ఉన్నాయి. నేను పొరపాటున నొక్కిన ఫోటో అది. దీన్నేం చేసుకుంటారమ్మా అంటే, ఈ చేపల్లో ఏ రెండింటికీ ఆ చుక్కలు ఒకేలా ఉండవనీ, దాన్నిబట్టే ఏ చేప ఏదో గుర్తుపడతారనీ చెప్పింది.

ఇక్కడే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అంటే అది నమూనా సంతకం! నా ఉద్యోగంలో సగం కాలం చెక్కు మీద సంతకాన్ని కార్డు మీద సంతకంతో పోల్చి చూడడమే కదా.

ఆ పోల్చే పద్ధతి ఎక్కడిదో వింటే ఇంకా ఆశ్చర్యం. 1986లో ఎడ్వర్డ్ గ్రోత్ అనే శాస్త్రవేత్త, ఆకాశం ఫోటోలు రెండింటిలో నక్షత్రాలు అవేనా కాదా అని పోల్చడానికి ఒక లెక్క కట్టారు. మూడేసి చుక్కల్ని కలిపి త్రిభుజాలు గీయడం దాని కీలకం. దగ్గరనుంచి తీసినా, దూరంనుంచి తీసినా, ఫోటో కాస్త తిరిగి ఉన్నా త్రిభుజం పరిమాణం మారుతుంది గాని ఆకారం మారదు. జేసన్ హోంబర్గ్ అనే కంప్యూటర్ నిపుణుడు, జావెన్ అర్జుమానియన్ అనే ఖగోళ శాస్త్రవేత్త, నింగలూలో ఈ చేపల మీదే పనిచేస్తున్న బ్రాడ్ నార్మన్ కలిసి ఆ లెక్కను చేప ఒంటికి అన్వయించి 2005లో ప్రకటించారు. అప్పటినుంచి లోకంలో ఎవరు తీసిన ఫోటో అయినా ఒకే ఖాతా పుస్తకానికి చేరవచ్చు. అంతకుముందు చేపకి బిళ్ళలు గుచ్చేవారు. అవి ఊడిపోయేవి. చుక్కలు ఊడిపోవు. పదేళ్ళు దాటి మళ్ళీ కనిపించిన చేపల్ని కూడా వాటితోనే పోల్చుకున్నారు.

మనుషుల సంతకం అలా కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక శాఖలో, పక్షవాతం వచ్చి తగ్గిన ఒక రిటైర్డు మాస్టారు పింఛను డబ్బుకి వచ్చారు. కార్డు మీది సంతకం ముత్యాలసరం. కాగితం మీదిది వణికిన గీత. కలవలేదని తిప్పి పంపాను. నిబంధన ప్రకారం తప్పు కాదు. మనిషిని ఎదురుగా పెట్టుకుని కాగితం చూశాను, అంతే. మర్నాడు కొత్త నమూనా తీసుకుని పని పూర్తిచేశాం గాని, ఆయన మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి చూసిన చూపు నాకు ఇంకా గుర్తే. ఆ పడవలో గుర్తుకొచ్చింది.

ఇంత దూరం పోయి చూసిన చేప మన తీరానికీ వస్తుంది. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరాన వలలో ఒక వేల్ షార్క్ పడింది. ప్రాణాలతో ఉంది. అటవీశాఖవారూ, మత్స్యకారులూ కలిసి దాన్ని మెల్లగా లోతు నీళ్ళలోకి నడిపించారు. అది ఈదుకుంటూ పోయింది. దాని ఫోటోలు మాల్దీవుల్లో ఈ చేపల మీద పరిశోధన చేసేవారికి పంపుతామని అటవీశాఖ అప్పుడే ప్రకటించింది. నాకు ఆ వార్తలో అసలు విషయం అదే. ఎక్కడి ఖాతాదారో తెలియాలి కదా.

ఒక్కమాట. ఆ చేప యాభై అడుగులు, రెండు టన్నులని వార్తల్లో వచ్చింది. నాకు పద్దు కుదరలేదు. 1949లో కరాచీ దగ్గర దొరికిన పన్నెండున్నర మీటర్ల పైచిలుకు చేప ఇరవై ఒక్క టన్నుల పైన ఉంటుందని లెక్కకట్టారు. యాభై అడుగులైతే ఇంకా పెద్దదవ్వాలి, రెండు టన్నులైతే బాగా చిన్నదవ్వాలి. పొడవైనా తప్పు, బరువైనా తప్పు. నీళ్ళలో అద్దంలోంచి చూస్తే ఏదైనా మూడోవంతు పెద్దగా కనబడుతుందంటారు. ఒడ్డున నిలబడి చూసినా ఉత్సాహం అంతే పని చేస్తుంది కాబోలు.

మన దేశంలో ఈ చేపకు 2001 మే నుంచి చట్టరక్షణ ఉంది. అంతకుముందు గుజరాత్ తీరంలో కాలేయం నూనె కోసం, మాంసం కోసం వందల లెక్కన పట్టేవారు. మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే చిత్రం ఆ వేటను లోకానికి చూపించింది. తర్వాత 2004లో మొరారీ బాపు, ఇది పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచు లాంటిదని ఊరూరా చెప్పారు. పట్టేవాళ్ళే వలలు కోసి వదలడం మొదలుపెట్టారు. కోసిన వలకి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అయితే నడిసముద్రంలో వల కోసినట్టు సాక్ష్యం ఏది? అధికారి వచ్చేదాకా చేప ఆగుతుందా? అందుకని వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియావారు జాలర్లకు నీళ్ళలో పాడవని కెమెరాలు ఇచ్చారు. కోసేటప్పుడు ఫోటో తీసుకొస్తే చాలు, అదే వోచరు. ఈ ఏర్పాటు చేసినవారెవరోగాని మంచి అకౌంటెంటు.

మన వైపు కూడా తంతడి సమయంలో వల నష్టానికి పరిహారం మాట చెప్పారు. మొన్న పనిమీద విశాఖ వెళ్ళినప్పుడు రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో ఈ సంగతి ఎత్తాను. ఆయన సూది ఆపకుండానే, "చేపనొగ్గీడానికి మాకేటి బావూ, అది మాకు పనికొచ్చీదా? ఆ పూట వల పోతే మళ్ళా వల కొనీదాకా పొయ్యిలో ఏటెడతాం?" అన్నాడు. ఫోటో తీసి పెట్టుకుంటే పరిహారానికి పనికొస్తుందని చెప్పాను. జేబులోంచి ఫోను తీసి చూపించాడు. పాలిథీన్ సంచిలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. "తడవకుండా ఉంటే తీత్తాం" అన్నాడు.

మేము ఇండియా వచ్చిన మూడు వారాలకి అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, నీ చేపది పాత ఖాతాయేనట. ఇంతకుముందు కూడా నింగలూలోనే చూశారట. మగదట" అంది. ఏదో చుట్టాల కబురు తెలిసినట్టు వంటింట్లోకి వెళ్ళి మా శ్రీమతికి చెప్పాను. "ఆడపడుచు అన్నారుగా?" అంది ఆవిడ.

తంతడి చేప వీడియో విశాఖలో ఉన్న మా మేనల్లుడు ఎప్పుడో పంపాడు. మొన్న ఆదివారం దాన్ని ఆపి ఆపి చూశాను. నీళ్ళు, జనం, కేకలు, తోక. ఒక్క క్షణం ఎడమ పక్క ఒడ్డువైపు తిరుగుతుంది, మొప్పల వెనక చుక్కలు కనబడబోతాయి, అంతలో ఎవరిదో చెయ్యి ఫోను పట్టుకుని అడ్డం వస్తుంది.