మోకాలి మృదులాస్థి చికిత్సలో కరిగే ఇంప్లాంట్ల వినియోగంపై తీర్మానం

కీళ్ల శస్త్రవైద్యులు, ఫిజియోథెరపిస్టులు సమావేశమై ఏకగ్రీవంగా ఆమోదించినది.

ఈ సభ గమనిస్తున్నది: మోకాలి కీలును కప్పే మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, దెబ్బతింటే అది తనంతట తాను సరిగా మానదు. ఎముకకు సన్నని రంధ్రాలు చేసే మైక్రోఫ్రాక్చర్‌తో ఎక్కువగా పుట్టేది పీచు మృదులాస్థి. దానికి అసలైన మృదులాస్థికున్న మన్నిక లేదు.

ఈ సభ స్వాగతిస్తున్నది: తీగకు పందిరిలా కొత్త కణాలకు ఆధారమిచ్చి, పని తీరాక శరీరంలో కరిగిపోయే ఇంప్లాంట్లను. రోగి సొంత కణాలను కొలాజెన్ పొరపై పెంచి అమర్చే ‘మాసీ’కి 2016లో, పగడపు అరగోనైట్‌తో చేసిన ‘అజిలి-సి’కి 2022లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లభించింది.

ఈ సభ గుర్తుచేస్తున్నది: మోకాలిలో దిండులా ఉండే మెనిస్కస్ చిరిగినవారి కోసం పశువుల కొలాజెన్‌తో చేసిన ‘మెనాఫ్లెక్స్’కు 2008లో అనుమతిచ్చిన ఎఫ్‌డీఏయే, ఆ నిర్ణయం సరికాదని 2010లో ప్రకటించింది. ఆ అనుమతిని ఎఫ్‌డీఏ ఉపసంహరించిన పద్ధతిని 2014లో అమెరికా అప్పీలు కోర్టు తప్పుపట్టింది. అయినా, అనుమతి పత్రం ఒక్కటే ఫలితానికి హామీ కాదన్నది ఈ సభ నిశ్చితాభిప్రాయం.

ఈ సభ విచారిస్తున్నది: కీలంతా అరిగిపోయినవారికి సైతం ‘గుజ్జు మళ్లీ పెరుగుతుంది’ అని ఆశ పెట్టే ప్రకటనల పట్ల. నొప్పితో ఉన్న మనిషిని అప్పులపాలు చేయడం వైద్యం కాదు.

ఈ సభ తీర్మానిస్తున్నది: పరిమితమైన గాయాలకే ఈ ఇంప్లాంట్లు వాడాలి, కాలి వంకర, తెగిన లిగమెంటు ఉంటే వాటిని సరిచేయకుండా అమర్చరాదు.

ఈ సభ మరింత గట్టిగా తీర్మానిస్తున్నది: సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో, తెలుగువారికి తెలుగులో ఉండాలి. ఇంప్లాంటు దేనితో తయారైందో శస్త్రచికిత్సకు ముందే చెప్పాలి. మాసీ పొర పంది కొలాజెన్. మరికొన్ని ఇంప్లాంట్లలో వాడేది పశువుల కొలాజెన్. ఇది ఆహార నియమాలకు, మత విశ్వాసాలకు సంబంధించిన విషయం కనుక దాచే హక్కు ఎవరికీ లేదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కాలిపై పూర్తి బరువు మోపరాదనీ, నెలల తరబడి వ్యాయామం తప్పదనీ కూడా చెప్పాలి. కూలికి వెళ్లేవారికి అది ఇల్లు గడవని కాలం. ఖర్చు అంచనాలో ఫిజియోథెరపీని చేర్చాలి.

ఈ సభ ఆదేశిస్తున్నది: వాపు, ఇన్ఫెక్షన్, ఇంప్లాంటు ఊడిపోవడం వంటి ప్రతి ఘటననూ సభ్యులు వైద్య పరికరాల భద్రతను గమనించేందుకు 2015లో మొదలైన జాతీయ మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలపాలి.

ఈ సభ కోరుతున్నది: రోగుల ఫలితాలను కనీసం ఐదేళ్లు నమోదు చేసే రిజిస్ట్రీని ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. తమకు అమర్చిన ఇంప్లాంటు పేరు, బ్యాచ్ నంబరు ఉన్న కాగితాన్ని ప్రతి రోగీ ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవాలి.